జోన్ మార్చండి, కానీ గడువు పెట్టి మార్చండి

శ్రీ సత్యసాయి జిల్లాలోని కోడికొండ చెక్‌పోస్టు చుట్టుపక్కల ఏ పల్లెలో టీకొట్టు దగ్గర కూర్చున్నా ఇప్పుడు ఒకటే చర్చ, జోన్ మారుతుందా మారదా అని. బెంగళూరు నుంచి కడప మీదుగా విజయవాడ వైపు వెళ్లే ఆరు వరుసల కొత్త రోడ్డు 44వ నంబరు జాతీయ రహదారి నుంచి చీలేది ఇక్కడే. అక్కడి ఇంటర్‌ఛేంజ్ పక్కనున్న పొలాలను వ్యవసాయ జోన్‌లోంచి తీసి కమర్షియల్‌కో ఇండస్ట్రియల్‌కో మార్చాలని కొందరు పట్టుబడుతున్నారు, వద్దంటే వద్దని కొందరు. ఒకే ఇంట్లో అన్న ఒకవైపు, తమ్ముడు ఇంకోవైపు.

మా పత్రిక మాట ముందే చెప్పేస్తాం. మార్చడానికి మేం వ్యతిరేకం కాదు. కిలోమీటర్ల లెక్కన మ్యాప్ మీద గీత గీసి, లోపల పడిందంతా ఒక్క దెబ్బకు మార్చేయడానికి వ్యతిరేకం. వాడుకోకపోతే తిరిగి వ్యవసాయ జోన్‌కి వచ్చేసే గడువు పెట్టకుండా మార్చడానికి ఇంకా గట్టిగా వ్యతిరేకం.

అమ్ముకుంటామనే రైతును చూసి భూమి మీద ప్రేమ లేదని ముఖం చిట్లించడం పట్నంలో కూర్చున్నవాళ్లకు అలవాటైపోయింది. అది మానుకుంటే మంచిది. ఉమ్మడి అనంతపురంలో ఏడాదికి పడే వాన 550 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది, అదీ టైముకు పడితే. వేసిన బోర్లలో నీళ్లు పడక, చెనక్కాయ పంట ఊడలు దిగే వేళ ఎండిపోయి, కొడుకు బెంగళూరులో క్యాబ్ నడుపుతూ పంపే డబ్బుతో వడ్డీ కట్టే ఇంటి పెద్దకు నువ్వు సేద్యమే చెయ్యాలి అని చెప్పే హక్కు మనకెవరికీ లేదు. బెంగళూరు దేవనహళ్లి విమానాశ్రయం అంత దగ్గర్లో ఉన్నప్పుడు గోడౌన్లు, లాజిస్టిక్స్ పార్కులు ఇటు రావడం సహజం కూడా.

కానీ ఈ రోడ్డు పాత హైవే లాంటిది కాదు, ఆ సంగతి చాలామందికి ఇంకా ఎక్కలేదు. పాత హైవే పక్కన అరెకరం ఉంటే టీకొట్టు పెట్టుకోవచ్చు, పంక్చర్ షాపు పెట్టుకోవచ్చు, చీనీకాయలు కుప్ప పోసి అమ్ముకోవచ్చు. కొత్తది యాక్సెస్ కంట్రోల్డ్ రోడ్డు. కోడికొండ నుంచి ముప్పవరం దాకా సుమారు 340 కిలోమీటర్ల పొడవునా ఎక్కాలన్నా దిగాలన్నా ఇంటర్‌ఛేంజ్‌ల దగ్గరే. అంటే ధర అంతా ఆ కొద్ది సర్వే నంబర్ల మీదికి చేరుతుంది. కొంచెం అవతల పొలమున్నవాడికి మిగిలేది రోడ్డు రొద, అండర్‌పాస్ కిందుగా చుట్టు తిరిగి పొలం చేరుకునే బాధ. జోన్ మారితే ఊరు బాగుపడుతుందని చెప్పేవాళ్లు, ఊళ్లో బాగుపడేది ఎవరెవరో కూడా చెప్పాలి కదా.

ఇంకో ముచ్చట బయటికి రావడం లేదు. ఇలాంటి చోట్ల నోటిఫికేషన్ కంటే ముందే అగ్రిమెంట్లు నడుస్తాయి. కొంత అడ్వాన్స్ చేతిలో పెట్టి కాగితం రాయించుకుంటారు, రిజిస్టర్ చేయరు కాబట్టి ఈసీలో (భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్‌లో) కనిపించదు. పాసుబుక్కు మాత్రం రైతు పేరు మీదే ఉంటుంది. రేపు గ్రామసభలో చెయ్యెత్తి మార్చండి అనే రైతు తన మాట చెబుతున్నాడో, అడ్వాన్స్ ఇచ్చినాయన మాట చెబుతున్నాడో ఎవరికి తెలుసు? జోన్ మార్పు అడిగే ప్రతి ఒక్కరూ ఆ భూమి మీద అగ్రిమెంటు ఉందా లేదా అని రాసి సంతకం పెట్టాలనే నిబంధన ఒక్కటి తెస్తే, సగం గొంతులు వాటంతటవే తగ్గుతాయని మా అనుమానం.

గడువు గురించి ఎందుకింత పట్టు అంటే, చిలమత్తూరు, గోరంట్ల మండలాలవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. లేపాక్షి నాలెడ్జ్ హబ్ పేరుతో 8,844 ఎకరాలు సేకరించారు. ఫ్యాక్టరీలన్నారు, ఉద్యోగాలన్నారు. భూములు బ్యాంకుల్లో తాకట్టుకు వెళ్లాయి, సీబీఐ కేసు నడిచింది, చివరికి వ్యవహారం దివాలా కోర్టుదాకా పోయింది. చెప్పిన ఉద్యోగాలు రాలేదు, భూమి ఇచ్చిన కుటుంబాల్లో ఒక తరం ఎదురుచూపుల్లోనే పెద్దదైపోయింది. అదే రోడ్డు మీద పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా సంగతి చూడండి. 2017లో ఒప్పందం, 2019లో కారు బయటికొచ్చింది. అక్కడ వచ్చే కంపెనీ ఎవరో తెలుసు, ఏం చేస్తుందో తెలుసు, నీళ్లు గొల్లపల్లి రిజర్వాయర్ నుంచి అని తెలుసు. రెండుచోట్లా పొలాలే పోయాయి. ఒకచోట పని కోసం భూమి తీసుకున్నారు, ఇంకోచోట భూమి కోసం పని పేరు చెప్పారు.

అందుకే మేం అడిగేది, ప్రాజెక్టు చేతిలో పట్టుకుని వచ్చినవాళ్లకు, అడిగినంత మేరకు, విడతలవారీగా మార్చండి. మూడేళ్లలోనో ఐదేళ్లలోనో పని మొదలుకాకపోతే మళ్లీ వ్యవసాయ జోన్‌కి రావాలి. రాళ్లు పాతి, కంచె వేసి, రేటు పెరిగేదాకా కూర్చునేవాళ్లకు ఇదొక్కటే మందు.

నీళ్ల దారుల సంగతి కూడా ఇప్పుడే తేల్చుకోవాలి. 2022 అక్టోబరులో అనంతపురం నగరంలో నడిమివంక పొంగి కాలనీలు మునిగాయి. వంక కొత్తగా వచ్చింది కాదు, ఇళ్లే దాని దారిలోకి వెళ్లాయి. ఏడాదిలో పది నెలలు ఎండి ఉండే వంకను లేఅవుట్ వేసేవాడు వంకగా చూడడు, చదును చేస్తే ఇంకో నాలుగు ప్లాట్లు వస్తాయని చూస్తాడు. చెరువులు, వంక పోరంబోకు, కుంటలకు నీళ్లొచ్చే కాలువలు, వీటిని ముందు మ్యాప్ మీద గుర్తించి పక్కన పెట్టాకే మిగిలిన భూమి గురించి మాట్లాడాలి.

ఇంతకుముందు పొలాన్ని వేరే పనికి వాడాలంటే మాస్టర్ ప్లాన్‌లో జోన్ ఒక గేటు, నాలా అనుమతి (సాగు భూమిని సాగేతర భూమిగా మార్చుకునే అనుమతి) ఇంకో గేటు. 2006 నాటి నాలా చట్టాన్ని 2025లో రద్దు చేశారు. ఆర్డీఓ ఆఫీసు చుట్టూ తిరిగే బాధ తప్పింది, సంతోషమే. కాకపోతే జోన్ అనే గేటు ఒక్కటే మిగిలింది, కాబట్టి దాని దగ్గర కాపలా గట్టిగా ఉండాలి. భూ వినియోగ మార్పుకు నోటిఫికేషన్ ఇచ్చి, అభ్యంతరాలకు పదిహేను రోజులు టైమిస్తారు. ఆ ప్రకటన ఏ పేపరులో ఏ మూలన పడిందో చూసుకునేలోపే పదిహేను రోజులూ అయిపోతాయి. (పేపరు నడిపేవాళ్లం, మూలన పడే ప్రకటనల సంగతి మాకు బాగా తెలుసు.)

కౌలు రైతును ఈ చర్చలోకి ఎవరూ పిలవడం లేదు. మల్బరీ వేసి పట్టుపురుగులు పెంచుకునేవాడికి భూమి మీద పేరు లేదు. యజమాని ఒప్పుకున్న మర్నాడే అతని షెడ్డు ఖాళీ. డీకేటీ పట్టా (ప్రభుత్వం పేదలకిచ్చిన భూమి పట్టా) ఉన్నవాళ్లది ఇంకో తిప్పలు, భూమి 22ఏ జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల జాబితాలో ఉంటే జోన్ మారినా రిజిస్ట్రేషన్ జరగదు, ఆ భయంతోనే వచ్చినకాడికి అమ్మేసుకుంటారు. ముందు ఆ జాబితాలో తప్పుగా పడ్డ సర్వే నంబర్లు తీసేసి, తర్వాత జోన్ జోలికి వెళ్లాలి.

ఇక గ్రామసభ. మ్యాప్ తెలుగులో, సర్వే నంబర్లు కనబడేలా, గ్రామ సచివాలయం గోడ మీద సభకు నెల ముందే అంటించాలి. కౌలుదారులనూ పిలవాలి. సభ సాయంత్రం పెట్టాలి, పొద్దున పదకొండింటికి పెడితే వచ్చేది బ్రోకర్లే.