ఫోన్ ఫ్లాష్ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ఫోన్ ఫ్లాష్ గారికి నమస్కరించి రాయునది.

పొద్దు గూకిందో లేదో, ఆటో మోడ్ అండ చూసుకుని, పిలవని పేరంటానికి వచ్చినట్టు ప్రతి ఫొటోలోకీ తమరు వేంచేస్తున్నారు. 1887లో జర్మనీలో తమ పూర్వీకులు మెగ్నీషియం పొడి రూపంలో భగ్గున మండిన రోజుల్లో, ఫొటో తీసేవాడికి తన కనుబొమల మీద బెంగ ఉండేది కాబట్టి, వారిని వెలిగించేముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించేవాడు. తమ విషయంలో ఎవరికీ ఆ భయం లేదు.

దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుందన్న నియమం తమకు వర్తించదని కాబోలు, స్టేడియంలో చిట్టచివరి వరుస నుంచి మైదానాన్ని వెలిగించబోయి, ముందు కూర్చున్నవారి బట్టతలలను దేదీప్యమానం చేస్తారు. పోనీ దగ్గరివారినైనా కరుణిస్తారా అంటే, ముఖానికి తిన్నగా కొట్టి ముక్కు ఎత్తునూ చెంప వంపునూ చూపించే నీడలన్నీ చెరిపేస్తారు. వెనకున్న గది చీకట్లో కలిసిపోతుంది. కంటి లోపలి రక్తనాళాల ఎరుపు పాపలోంచి బయటికొచ్చి, పసిపిల్లలకు సైతం రాక్షస కళ వస్తుంది.

ఇకపై తమ పలుకుబడి తగ్గవచ్చునని ముందే మనవి చేస్తున్నాను, ఎందుకంటే కొత్తగా ఫొటోలు తీస్తున్నవారికి కిటికీ సంగతి చెప్పేశాను. గదిలో బల్బులు ఆర్పి, మనిషిని కిటికీకి రెండడుగుల దూరంలో నిలబెట్టి, వెలుగు ఒక చెంప మీద ఎక్కువగా, రెండో చెంప మీద తక్కువగా పడేలా ముఖాన్ని కాస్త తిప్పిస్తే చాలు. తెర మీద ఆ ముఖాన్ని వేలితో తాకి, పక్కన కనిపించే సూర్యుడి గుర్తును కొంచెం కిందికి జరిపితే, తెల్లగా పాలిపోతున్న నుదురు మళ్లీ చర్మం రంగుకు వస్తుంది. వెలుగు చాలని చోట మోచేతులు డొక్కలకు ఆనించుకుని, ఊపిరి బిగబట్టి నొక్కమన్నాను. అన్నిటికన్నా ముందు లెన్స్ మీది వేలి జిడ్డు తుడవమన్నాను (కెమెరా మంచిది కాదని వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి ఈ జిడ్డే కారణమని నా అనుమానం).

తమకు నిజంగా తగిన కొలువు ఒకటుంది. సూర్యుడు వెనక ఉండి ముఖం నల్లబడినప్పుడు, రెండు మూడడుగుల దూరం నుంచి ఆ నీడను తమరు కొద్దిగానైనా తేల్చగలరు. పట్టపగలు ఫ్లాష్ ఏమిటని నవ్వి, సరిగ్గా అప్పుడే తమను ఎవరూ పిలవరు. ఆ పిలుపు వచ్చేదాకా, దయచేసి ఆఫ్‌లో విశ్రమించగలరు.

ఇట్లు,
ప్రతి గ్రూప్ ఫొటోలోనూ కళ్లు మూసుకునే ఉన్న,
తమ విధేయుడు