సాటి అంటరానివాడికి స్వాగతం

పేరున్న పాస్టర్ గారు ఊరికొస్తే దండ వేస్తాం, శాలువా కప్పుతాం, మెమెంటో ఇచ్చి ఫొటో దిగుతాం. ఇంటిపేరు పెద్దదైతే స్టేజీ ఇంకాస్త పెద్దదవుతుంది. 1959లో అమెరికా నుంచి వచ్చిన ఒక పాస్టర్‌కీ మన దేశం ఘనంగానే మర్యాద చేసింది. ప్రధాని నెహ్రూ విందు కూడా ఇచ్చారు. ఆరేళ్ల తర్వాత ఆయన తన చర్చిలో తల్చుకున్నది మాత్రం ఒక బడిలో విన్న మాట.

ఆయన మార్టిన్ లూథర్ కింగ్ జూనియర్. అప్పటికి వయసు 30. భార్య కొరెట్టా, చరిత్రకారుడు లారెన్స్ రెడిక్‌తో కలిసి ఫిబ్రవరి 10న ఢిల్లీలో దిగి నెల రోజులు దేశం తిరిగారు. బస్సుల్లో నల్లవాళ్లను వేరుగా కూర్చోబెట్టడాన్ని ఎదిరిస్తూ మాంట్‌గొమరీ నగరంలో జరిగిన బస్సుల బహిష్కరణతో ఆయన పేరు అప్పటికే మోగింది. కానీ ఆ పోరాటం ఇంట్లోంచే వచ్చింది. అమ్మ వాళ్ల నాన్న ఎ.డి. విలియమ్స్ అట్లాంటాలో ఎబెనెజర్ బాప్టిస్ట్ చర్చి పాస్టర్. నల్లజాతి పిల్లలకు హైస్కూలు కావాలని కొట్లాడినవాళ్లలో ముందున్నారు. 1924లో తెరిచిన ఆ బుకర్ టి. వాషింగ్టన్ హైస్కూల్లోనే మనవడు చదివాడు. అదే చర్చికి తర్వాత పాస్టరైన నాన్న, ఒకసారి చెప్పుల షాపులో వెనక సీట్లలోకి వెళ్లి కూర్చోమంటే, ఏమీ కొనకుండా కొడుకు చెయ్యి పట్టుకుని బయటికొచ్చేశారు. వారసత్వం అనగానే నాకు ఆ కొనని చెప్పులే గుర్తొస్తాయి.

ఇక ఆ బడి సంగతి. 1965 జూలై 4న ఎబెనెజర్ చర్చిలో కింగే చెప్పారు. త్రివేండ్రంలో దళిత పిల్లల స్కూలుకి వెళ్తే, ప్రిన్సిపాల్ ఆయన్ని 'అమెరికా నుంచి వచ్చిన మన సాటి అంటరానివాడు' అని పిల్లలకు పరిచయం చేశారట. మొదట చురుక్కుమంది. మరి డాక్టరేట్ ఉన్నవాడు, ప్రధానితో భోంచేసి వచ్చినవాడు! తర్వాత తన దేశంలో పేదరికంలో మగ్గుతున్న 2 కోట్ల మంది నల్లవాళ్లు గుర్తొచ్చారు. అవును, నేనూ అంటరానివాణ్నే అనుకున్నారు.

నా లెక్కలో ఆ పర్యటన మొత్తంలో అసలైన సన్మానం అదే. శాలువా కప్పి మనిషిని ఎత్తులో కూర్చోబెడతాం. ఆ ప్రిన్సిపాల్ సహపంక్తిలో విస్తరి వేశారు.

అయితే కింగ్ ఇక్కడ అన్నీ చూడలేదు. నల్లవాళ్లను కలుపుకోవడంలో అమెరికా కంటే, దళితుల్ని కలుపుకోవడంలో భారత్ ముందుందని మెచ్చుకుంటూ వెళ్లారు. రిజర్వేషన్లు శతాబ్దాల అన్యాయానికి మేం చేసుకుంటున్న ప్రాయశ్చిత్తమని నెహ్రూ చెప్పింది ఆయన మనసుకు బాగా పట్టింది. అతిథికి ఇంటాయన చెప్పిందే ముందు వినిపిస్తుంది కదా. అప్పటికే 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను మతంతో ముడిపెట్టింది. మొదట హిందువులకే అన్నారు, 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులు నేటికీ బయటే.

మన ఒంగోలు ప్రాంతంలో 1878లో అమెరికన్ బాప్టిస్ట్ మిషన్ ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చింది. ఎక్కువమంది మాదిగలు. వాళ్ల మునిమనవల్లో పాస్టర్లయినవాళ్లు ఉన్నారు, ఊళ్లో వాళ్ల వాడ మాత్రం మారలేదు. త్రివేండ్రం ప్రిన్సిపాల్ దృష్టిలో అట్లాంటా బాప్టిస్ట్ పాస్టర్ అంటరానివాడే. ఒంగోలు పల్లెలోని బాప్టిస్ట్ పాస్టర్ మాత్రం ప్రభుత్వ కాగితంలో ఎస్సీ కాడు.