మోర్స్ వినబోతే వార్తలు

ఇల్లు సద్దుమణిగాక హెడ్‌ఫోన్స్ పెట్టుకుని నా హామ్ రేడియో ముందు, 160 మీటర్ల బ్యాండ్‌లో (మీడియం వేవ్‌కి కాస్త పైన, హామ్‌లు పలకరించుకునే చోటు) కూర్చున్నాను. ఎక్కడో దూరాన ఎవరో మోర్స్‌లో, అంటే చుక్కలు గీతల సంకేతాల్లో, సన్నగా పిలుస్తున్నారు. వాళ్ల కాల్‌సైన్‌లో (రేడియోలో వాడే గుర్తింపు పేరు) ఇక చివరి అక్షరమే మిగిలింది. సరిగ్గా అప్పుడే వార్తలు! వాటి వెనకాలే ఇంకో స్టేషన్ పాట. రెండూ ఒకే చోట, గిన్నెలో కలిపి గిలకొట్టినట్టు.

కోపం ఎవరి మీద చూపించాలి? ఆ స్టేషన్లు వాటి మీడియం వేవ్ స్థానాల్లో బుద్ధిగానే ఉన్నాయి. ఒకటి 801 కిలోహెర్ట్జ్, ఇంకోటి 1053. రెండూ కలిపితే 1854, సరిగ్గా నేను వింటున్న చోటు. ఆ కూడిక చేసిపెట్టింది నా రిసీవరే! బలమైన సిగ్నళ్లు మీద పడగానే దాని ముందు భాగం చేతులెత్తేసింది. అనుమానం తీరక వచ్చే సిగ్నళ్లన్నిటినీ 10 డెసిబెల్ తగ్గించే అటెన్యుయేటర్ నొక్కి చూశాను. వార్తలు 20 దాకా పడిపోయాయి. బయటి నుంచే వస్తుంటే 10 మాత్రమే పడాలి. అంటే దొంగ ఇంట్లోనే ఉన్నాడు.

సరే, మీడియం వేవ్‌ని ఆపే హైపాస్ ఫిల్టర్ పెట్టాను. వార్తలు తగ్గాయి కానీ పోలేదు. తుప్పు పట్టిన లోహపు అతుకులు కూడా డయోడ్‌లా (కరెంటును ఒకవైపే పోనిచ్చే భాగం) పనిచేసి సిగ్నళ్లను కలిపేస్తాయి. ఆ కలగాపులగం బయటే తయారై వస్తుంటే ఇక ఫిల్టర్ ఏం చేస్తుంది, నా తలకాయ!

నిన్నంతా యాంటెన్నా క్లాంపులు విప్పి గరుకు కాగితంతో రుద్దాను. చేతులు బొబ్బలెక్కాయి. వార్తలు ఇంకా వస్తూనే ఉన్నాయి, కాస్త మెల్లగా. రేపు వాననీటి గొట్టం సంగతి చూడాలి.