అమ్మానాన్నలకూ ఒక కథ

అమెరికాలో టీనేజీ పిల్లలున్న తెలుగు ఇళ్లలో తల్లిదండ్రులు తప్పకుండా చూడాల్సిన అమెరికన్ సీరియల్ ఒకటుంది. అది ఆగిపోయి ముప్పై ఏళ్లు దాటింది. పేరు 'మై సో కాల్డ్ లైఫ్'. 1994 ఆగస్టు 25న ఏబీసీ ఛానల్‌లో మొదలైంది, 1995 జనవరి 26న చివరి ఎపిసోడ్ వచ్చింది. మొత్తం 19 ఎపిసోడ్లు. మనలో చాలామంది అప్పటికి ఇంకా ఈ దేశం రాలేదు. వచ్చినవాళ్లు కొత్త ఉద్యోగాలతో, వీసా కాగితాలతో తలమునకలుగా ఉన్న రోజులవి. అందుకే మనవాళ్ల మాటల్లో దీని పేరు పెద్దగా వినబడదు. వినబడాలని నా కోరిక. పిల్లల కోసం కాదు, మన కోసం.

కథ జరిగేది పెన్సిల్వేనియాలో, పిట్స్‌బర్గ్ శివారు అని ఊహించిన త్రీ రివర్స్ అనే ఊళ్లో. (పిట్స్‌బర్గ్ అనగానే మనకు పెన్ హిల్స్ వెంకన్న గుడి గుర్తొస్తుంది. ఇది ఆ చుట్టుపక్కల ఉండే మధ్యతరగతి అమెరికన్ కుటుంబం కథ.) ఏంజెలా చేజ్‌కి పదిహేనేళ్లు. చిన్నప్పటి నుంచీ కలిసి తిరిగిన షారన్‌ని పక్కన పెట్టేసి, రేయాన్, రికీ అనే కొత్త స్నేహితులతో చేరుతుంది. జుట్టుకి ఎర్ర రంగు వేసుకుంటుంది. సరిగ్గా చదవడం కూడా రాని జోర్డన్ కాటలానో మీద మనసు పారేసుకుంటుంది. పక్కింటి బ్రయన్‌కి ఈ అమ్మాయంటే ప్రాణం, అది ఈ అమ్మాయికి పట్టదు. వినడానికి వంద కథల్లో ఒకటిలాగే ఉంది. ఆ ఇంట్లో ప్యాటీ, గ్రాహమ్ అనే తల్లిదండ్రులు లేకపోతే నేనూ పట్టించుకునేదాన్ని కాదు.

ఆ తల్లిదండ్రుల కథ అంత చిక్కబడటానికి వెనుక నిర్మాణంలో ఎదురైన ఒక ఇబ్బంది ఉంది. సీరియల్‌ని సృష్టించిన రచయిత్రి విన్నీ హోల్జ్‌మన్. నిర్మాతలు మార్షల్ హెర్స్‌కోవిట్జ్, ఎడ్వర్డ్ జ్విక్. ముగ్గురూ అంతకుముందు అదే ఛానల్‌లో 'థర్టీసమ్‌థింగ్' అనే సీరియల్‌కి కలిసి పనిచేశారు. అది ముప్పైల్లో ఉన్న మొగుడూపెళ్లాల కష్టసుఖాల కథ. ఈసారి కథను ఒక టీనేజీ అమ్మాయి కళ్లతో, ఆమె గొంతుతోనే చెప్పించాలనుకున్నారు. ఏంజెలా పాత్రకు ఇద్దరు పోటీకి వచ్చారు. ఒకరు ఆలీసియా సిల్వర్‌స్టోన్. ఆమె అప్పటికే కోర్టు ద్వారా తల్లిదండ్రుల సంరక్షణ నుంచి విడివడింది కాబట్టి పెద్దవాళ్లతో సమానంగా ఎన్ని గంటలైనా షూటింగ్‌కి రాగలదు. రెండోవారు క్లేర్ డేన్స్. 1993లో పైలట్ (నమూనాగా తీసే మొదటి ఎపిసోడ్) తీసేనాటికి ఆమెకు 13 ఏళ్లు.

కాలిఫోర్నియా చట్టం ఈ విషయంలో గట్టిది. 9 ఏళ్లు నిండి 16 నిండని పిల్లలు బడి రోజుల్లో సెట్‌లో ఉండగలిగేది 9 గంటలు. అందులో పని 5 గంటలే. 3 గంటలు చదువు, 1 గంట విశ్రాంతి. రోజుకి 5 గంటలు మాత్రమే దొరికే అమ్మాయిని ప్రతి సీనులోనూ పెట్టి వారానికో ఎపిసోడ్ తీయడం జరిగే పని కాదు. అది తెలిసే వాళ్లు క్లేర్‌ని ఎంచుకున్నారు. ఎంచుకున్నాక కథనే మార్చుకున్నారు. ఏంజెలా లేని సీన్లు రాయాల్సి వచ్చింది. ఆ సీన్లలో ఎవరుంటారు? తల్లి, తండ్రి, చెల్లెలు, స్నేహితులు. అలా ఒక అమ్మాయి డైరీలా ఉండాల్సిన కథ కాస్తా ఒక ఇంటి కథ అయింది. ఈ ఎంపిక వల్లే కథ స్వభావం మారిందని హోల్జ్‌మన్ తర్వాత ఇంటర్వ్యూల్లో చెప్పింది.

నాకు ఇది చాలా పెద్ద విషయంగా అనిపిస్తుంది. ఎందుకంటే ఏంజెలా గొంతులో మనకు వినబడే అమ్మ వేరు, ఏంజెలా లేనప్పుడు మనకు కనబడే ప్యాటీ వేరు. కూతురికి ఆమె ఎప్పుడూ ఏదో ఒకటి అడిగే మనిషి, తప్పులు పట్టే మనిషి. మనం చూసే ప్యాటీ పెంపుడు బిడ్డగా పెరిగింది. కుటుంబానికి చెందిన ప్రింటింగ్ ప్రెస్ నడుపుతోంది. మొగుడు కూడా ఆ ప్రెస్‌లో ఆమె కిందే పనిచేస్తున్నాడు. ఆయనకు ఆ పని ఇష్టం లేదు, వంట అంటే ఇష్టం. ఎప్పటికైనా రెస్టారెంట్ పెట్టాలని కోరిక. ఇంటి అప్పుసప్పులు, ఆయన అసంతృప్తి, అన్నీ ఆమె నెత్తినే ఉన్నాయి. కూతురికి ఇందులో పావు వంతు తెలియదు.

'ద జిట్' అనే ఐదో ఎపిసోడ్ చూడండి. ఏంజెలా ముఖం మీద ఒక మొటిమ లేచింది. లోకమంతా దాన్నే చూస్తోందని ఆమె బాధ. స్కూల్లో తల్లీకూతుళ్ల ఫ్యాషన్ షో ఉంది, కూతురితో కలిసి నడవాలని ప్యాటీ సరదా పడుతుంది. కూతురు రానంటుంది. ప్యాటీకి అద్దంలో వయసు మీద పడుతున్నట్టు కనబడుతుంది. ఒకే ఇంట్లో ఇద్దరు ఆడవాళ్లు ఒకే భయంతో వేర్వేరు అద్దాల ముందు నిలబడతారు, ఒకరి సంగతి ఒకరికి తెలియదు. చివరికి తల్లితో నడిచేది ఎవరూ లెక్కలోకి తీసుకోని చిన్న కూతురు డానియెల్. ఇందులో ఎవరూ చెడ్డవాళ్లు కారు. ఎవరూ ఎవరికీ బుద్ధి చెప్పరు.

నా దృష్టిలో మొత్తం సీరియల్‌కి గుండెకాయ పదో ఎపిసోడ్, 'అదర్ పీపుల్స్ మదర్స్'. రేయాన్ వాళ్లమ్మ ఆంబర్ సరదా మనిషి. టారో కార్డులతో జాతకాలు చెబుతుంది, పిల్లలతో స్నేహితురాలిలా ఉంటుంది, దేనికీ అడ్డు చెప్పదు. అమ్మంటే ఇలా ఉండాలి అనుకుంటుంది ఏంజెలా. అదే రోజు ఒకపక్క ఏంజెలా ఇంట్లో అమ్మమ్మ తాతయ్యల పెళ్లిరోజు వేడుక, ఇంకోపక్క రేయాన్ ఇంట్లో పార్టీ. ఏంజెలా ఇంట్లో వేడుక వదిలేసి అక్కడికి వెళ్తుంది. ఆ పార్టీలో రేయాన్ మత్తు ఎక్కువై స్పృహ తప్పి పడిపోతుంది. చుట్టూ ఉన్న పిల్లలకు ఏం చేయాలో తెలియదు. అప్పుడు ఏంజెలా ఫోను తీసి పిలిచేది తన తల్లినే.

ప్యాటీ ఇంటినిండా ఉన్న చుట్టాలను వదిలేసి వస్తుంది. ఎక్కడికి వెళ్లావు, ఎందుకు వెళ్లావు, నేను ముందే చెప్పానా లేదా, ఈ ప్రశ్నలేవీ అడగదు. ఆ క్షణంలో పడిపోయిన పిల్ల సంగతి చూడటమే ఆమె పని. కోపం, భయం అన్నీ ఉన్నాయి, ముఖంలో తెలుస్తుంటాయి. అయినా వాటిని పక్కన పెట్టడం ఆమెకు తెలుసు. ఆ రాత్రి ఏంజెలా మొదటిసారి తల్లిని ఒక మనిషిగా చూస్తుంది. ఆ భాగం చూసినప్పుడల్లా నాకు నేను వేసుకునే ప్రశ్న ఒక్కటే: అలాంటి రాత్రి వస్తే నా కూతురు ముందు నాకు ఫోన్ చేస్తుందా? చేసేంత ధైర్యం నేను ఇచ్చానా?

రికీ గురించి కూడా చెప్పాలి. ఆ పాత్ర వేసిన విల్సన్ క్రూజ్ స్వలింగ సంపర్కుడు, రికీ పాత్ర కూడా అంతే. అమెరికన్ టీవీలో అలాంటి ప్రధాన పాత్రను, తానూ అంతేనని బాహాటంగా చెప్పుకున్న నటుడే వేయడం అప్పటికి కొత్త. 1994 డిసెంబరు 22న వచ్చిన క్రిస్మస్ ఎపిసోడ్‌లో దెబ్బలు తిని, ఇల్లు లేక రికీ రోడ్డున పడతాడు. క్రూజ్‌కీ నిజజీవితంలో అదే జరిగింది. తండ్రి ఇంట్లోంచి వెళ్లగొడితే కొంతకాలం కార్లో పడుకున్నాడు. ఆ ఎపిసోడ్ చూశాకే తండ్రి మళ్లీ మాట కలిపాడని క్రూజ్ చాలాసార్లు చెప్పాడు. మన ఇళ్లలోనూ రికీలు ఉన్నారు. నాకు తెలిసిన కుటుంబాల్లోనే ఉన్నారు. తెలుగు సంఘం పండగలకు రావడం మానేసిన పిల్లలు ఎందుకు మానేశారో ఎవరూ పైకి అడగరు. ఆ ఒక్క ఎపిసోడ్ కోసమైనా ఈ సీరియల్ చూడమంటాను.

ఇంత మంచి సీరియల్ ఎందుకు ఆగిపోయింది? గురువారం రాత్రి 8 గంటలకు వేశారు. అదే సమయానికి ఎన్‌బీసీలో 'మ్యాడ్ అబౌట్ యూ', ఆ వెంటనే ఎనిమిదిన్నరకు ఆ ఏడాదే మొదలైన 'ఫ్రెండ్స్'. ఫాక్స్‌లో 'మార్టిన్', 'లివింగ్ సింగిల్'. అన్నీ అరగంటలో నవ్వించి పంపేవి. వాటి మధ్య గంటసేపు నడిచే కుటుంబ కథకు జనం చాల్లేదు. 1995 జనవరి 21న ఏంజెలా పాత్రకు క్లేర్ డేన్స్ గోల్డెన్ గ్లోబ్ ఉత్తమ నటి అవార్డు అందుకుంది. సరిగ్గా ఐదు రోజులకు చివరి ఎపిసోడ్. మే నెలలో ఛానల్ అధికారికంగా ఆపేసింది. అభిమానులు ఉత్తరాలు రాశారు, అప్పుడప్పుడే వస్తున్న ఇంటర్నెట్‌లో గుంపుగా చేరి 'ఆపరేషన్ లైఫ్ సపోర్ట్' పేరుతో ఉద్యమం నడిపారు. ఫలితం లేకపోయింది. తర్వాత ఎంటీవీ మళ్లీ మళ్లీ వేయడంతో కొత్త తరం దీన్ని చూసింది.

క్లేర్‌కీ, ఆమె తల్లిదండ్రులకూ రెండో సీజన్ చేయాలని పెద్దగా లేదన్న మాట కూడా అప్పట్లో బయటికొచ్చింది. అది ఎంతవరకు కారణమైనా, 16 ఏళ్లు నిండీ నిండని అమ్మాయి తన జీవితం గురించి చెప్పుకున్న అభిప్రాయానికి నేను విలువిస్తాను. ఆ అమ్మాయి తర్వాత 'హోమ్‌ల్యాండ్' సీరియల్‌లో ఏళ్ల తరబడి ఎంత బాగా చేసిందో మనం చూశాం.

కథ మధ్యలోనే ఆగింది. జోర్డన్ పేరుతో తనకొచ్చిన ఉత్తరం నిజానికి బ్రయన్ రాశాడని ఏంజెలాకి అర్థమవుతుంది. అయినా జోర్డన్ కారెక్కి, వెనక్కి తిరిగి బ్రయన్‌ని చూస్తుంది. గ్రాహమ్ రెస్టారెంట్ ఏమైందో, ఆ పెళ్లి నిలబడిందో లేదో మనకు తెలియదు. నాకైతే అది లోటుగానే ఉంది.

మనవాళ్లలో కొందరు అడగొచ్చు, ఆ ఇంటికీ మన ఇంటికీ పోలిక ఏమిటని. మన పిల్లలు అలాంటి పార్టీలకు వెళ్లరు, మందు ముట్టరు, బాయ్‌ఫ్రెండ్లు లేరు అని. ప్యాటీ కూడా అలాగే అనుకుంది. పోలిక పార్టీల దగ్గర కాదు. మనం మన జీవితాన్ని పిల్లల నుంచి దాచే తీరు దగ్గర ఉంది. ఉద్యోగం పోతే పిల్లలకు చెప్పం, పొద్దున్నే లేచి తయారై బయటికి వెళ్లేవాళ్లు కూడా ఉన్నారు. గ్రీన్‌కార్డు టెన్షన్ పిల్లలకు ఎందుకంటాం. ఊళ్లో అమ్మకు బాగోలేదని ఫోనొస్తే బాత్రూంలోకి వెళ్లి ఏడుస్తాం. పిల్లల చదువు పాడవుతుందని మన భయం. చివరికి పిల్లలకు మన గురించి తెలిసేది రైడ్లు ఇచ్చే డ్రైవర్లుగా, మార్కులు అడిగే గుమాస్తాలుగా. వాళ్లు తమ సంగతులు మనకు చెప్పట్లేదని బాధపడతాం గానీ, మన సంగతులు వాళ్లకు ఎన్ని చెప్పాం?

మన సంఘాల వేదికల మీద వేసే నాటికల్లోనూ ఇదే కనబడుతుంది. పిల్లలు రాసిన వాటిలో నాన్నకు ఒక యాస, అమ్మకు ఒక గరిటె. పెద్దవాళ్లు రాసిన వాటిలో తల్లిదండ్రులంతా త్యాగమూర్తులు, పిల్లలంతా ఫోన్లో మునిగి దారి తప్పినవాళ్లు. ఇందులో ఎవరి తప్పూ లేదు, అటువంటివే చూస్తూ పెరిగాం. కానీ ఏటా అదే వేయడం వల్ల నష్టం ఉందని నేను గట్టిగా నమ్ముతాను. మూడు వందల మంది కుటుంబాలతో సహా కూర్చుని ఉన్న హాలు అది. అక్కడ చెప్పిన కథ ఇళ్లకు చేరుతుంది.

కల్చరల్ కమిటీలకు నా సూచన ఇది. యువజనుల నాటిక ఎవరు రాసినా ఒక షరతు పెట్టండి: పిల్లల పాత్రలు లేని సీను కనీసం ఒకటి ఉండాలి. అమ్మా నాన్నా ఇద్దరే ఉన్నప్పుడు ఏం మాట్లాడుకుంటారో అందులో రాయాలి. రాసే పిల్లలు ముందు తమ అమ్మానాన్నల్ని కూర్చోబెట్టి అడగాలి: ఈ దేశం వచ్చిన మొదటి ఏడాది ఎలా గడిచింది, ఏ పని వదులుకున్నారు, దేనికి భయపడ్డారు, ఎవరి చావుకి వెళ్లలేకపోయారు. అడిగినప్పుడు మనం 'అవన్నీ నీకెందుకులే' అనకూడదు. అలాగే పెద్దవాళ్లు రాసే నాటికలో పెద్దవాళ్లు లేని సీను ఒకటి ఉండాలి, దాన్ని పిల్లలు చదివి 'మేం ఇలా మాట్లాడుకోం' అంటే మార్చాలి. రిహార్సల్సు మొదలుపెట్టే ముందు రెండు పక్షాలనూ ఒక శనివారం సాయంత్రం ఎవరో ఒకరి బేస్‌మెంట్‌లో కూర్చోబెట్టి పదో ఎపిసోడ్ వేయండి. ముప్పావుగంట పడుతుంది. తర్వాత భోజనాల దగ్గర మాటలు వాటంతట అవే వస్తాయి.