ఎవరి అంచనాల పేరు చెప్పి వడ్డీ రేట్లు పెంచుతున్నారు?

2022 జూన్ 15న అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ తన వడ్డీ రేటును ఒకేసారి ముప్పాతిక శాతం పెంచింది. 1994 తర్వాత ఒక్క విడతలో అంత పెంచడం అదే మొదటిసారి. అంతకు కొన్ని వారాల ముందు వరకు పెంపు అర శాతమే ఉంటుందన్న సూచనలు వెలువడ్డాయి. నిర్ణయం ఎందుకు మారిందో వివరిస్తూ చైర్మన్ జెరోమ్ పావెల్ ముఖ్యంగా రెండు సంగతులు ప్రస్తావించారు. మొదటిది, మే నెల ద్రవ్యోల్బణం 8.6 శాతంగా తేలడం. రెండవది, మిషిగన్ విశ్వవిద్యాలయం ప్రతి నెలా జరిపే సర్వే. రాబోయే ఐదు నుంచి పదేళ్లలో ధరలు ఏటా ఎంత పెరుగుతాయనుకుంటున్నారని సామాన్య కుటుంబాలను అడిగితే ఆ నెల తొలి ఫలితం 3.3 శాతంగా వచ్చింది. ఆ అంకె తమ దృష్టిని బాగా ఆకర్షించిందని పావెల్ చెప్పారు. అది తొలి ఫలితం మాత్రమేనని, తర్వాత సవరణకు గురికావచ్చని కూడా ఆయనే అన్నారు. తొమ్మిది రోజుల తర్వాత తుది ఫలితం వచ్చేసరికి అది 3.1 శాతానికి తగ్గింది.

ఆ నిర్ణయం తప్పని నేను అనడం లేదు. ద్రవ్యోల్బణం 8 శాతం దాటిన దేశంలో వడ్డీ రేట్లు పెంచడానికి వేరే కారణాలు చాలానే ఉన్నాయి. నన్ను ఏళ్ల తరబడి వేధిస్తున్న విషయం వేరే ఉంది. కేంద్ర బ్యాంకులు తమ విధానానికి మూలస్తంభమని చెప్పుకునే ‘ద్రవ్యోల్బణ అంచనాలు’, అంటే ముందుముందు ధరలు ఎంత పెరుగుతాయన్న ఊహలు, అసలు ఎవరివి? ఆ అంచనాలు పెరిగితే ధరలు పెరుగుతాయన్న వాదనలో ఒక్కో మెట్టుకూ ఉన్న రుజువు ఎంత? ఈ ప్రశ్నలకు కేంద్ర బ్యాంకుల సొంత పరిశోధకులే చాలా నిజాయితీగా సమాధానాలు వెతికారు. కానీ ఆ సమాధానాలు పరిశోధన పత్రాల్లోనే ఉండిపోతున్నాయి, వడ్డీ రేటు ప్రకటించే వేదిక మీద మాత్రం పాత కథే వినిపిస్తోంది.

ఆ పాత కథ బలమైనదే, దాన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. 1958లో ఆర్థికవేత్త ఏ.డబ్ల్యూ. ఫిలిప్స్ బ్రిటన్ గణాంకాలను పరిశీలించి, నిరుద్యోగం తక్కువగా ఉన్నప్పుడు వేతనాలు వేగంగా పెరుగుతాయని చూపారు. కొంత ద్రవ్యోల్బణాన్ని భరిస్తే నిరుద్యోగాన్ని శాశ్వతంగా తగ్గించుకోవచ్చన్న ఆశ దాని నుంచి పుట్టింది. ఆర్థికవేత్తలు ఎడ్మండ్ ఫెల్ప్స్ 1967లో, మిల్టన్ ఫ్రీడ్‌మన్ అదే ఏడాది డిసెంబరులో ఇచ్చిన ప్రసంగంలో ఆ ఆశను కొట్టిపారేశారు. ధరలు పెరుగుతాయని జనం ముందే ఊహిస్తే ఆ ఊహ వేతనాల బేరంలోకి, ఒప్పందాల్లోకి చేరిపోతుందని, అప్పుడు నిరుద్యోగం తగ్గకుండానే ధరలు మాత్రం పెరుగుతాయని వాళ్లిద్దరూ వేర్వేరుగా వాదించారు. 1970ల అనుభవం ఆ వాదనకు బలమిచ్చింది. 1979 ఆగస్టులో ఫెడరల్ రిజర్వ్ పగ్గాలు చేపట్టిన పాల్ వోల్కర్, జనం మనసుల్లో పాతుకుపోయిన ఆ ఊహను పెకలించడానికి వడ్డీ రేట్లను 20 శాతం దరిదాపులకు తీసుకెళ్లారు. 1980 మార్చిలో 14.8 శాతం ఉన్న ద్రవ్యోల్బణం మూడేళ్లలో దిగివచ్చింది, కానీ 1982 చివరికి నిరుద్యోగం 10.8 శాతానికి చేరింది. జనం నమ్మేలా చెప్పడంలో ఆలస్యమైతే మూల్యం ఉద్యోగాల రూపంలో చెల్లించాల్సి వస్తుందన్న పాఠాన్ని కేంద్ర బ్యాంకులు అక్కడే నేర్చుకున్నాయి. న్యూజిలాండ్ 1989లో చట్టం చేసి, 1990 నుంచి ద్రవ్యోల్బణం ఎంత ఉండాలో బహిరంగంగా ప్రకటించి దాన్నే లక్ష్యంగా పెట్టుకుంది. తర్వాత పదుల సంఖ్యలో దేశాలు అదే దారి పట్టాయి. అంచనాలు కుదురుగా ఉన్నంతకాలం తాత్కాలికంగా ధరలు ఎగసినా భయం లేదన్నది ఆ తర్వాత తరం ఆర్థికవేత్తలందరికీ ప్రాథమిక సూత్రమైంది.

ఇక్కడే నా మొదటి అభ్యంతరం. కుదురుగా ఉన్నవి ఎవరి అంచనాలు? కేంద్ర బ్యాంకుల దగ్గర నాలుగు రకాల కొలమానాలున్నాయి. కొనేవాళ్ల ఊహను పట్టిచ్చే, ద్రవ్యోల్బణంతో ముడిపెట్టిన బాండ్ల ధరలు, వృత్తిగా అంచనాలు వేసే కొద్దిమంది నిపుణుల జవాబులు, కంపెనీల అధిపతుల జవాబులు, కుటుంబాల జవాబులు. అన్నీ బాగానే ఉన్నాయని చెప్పాలనుకున్నప్పుడు సాధారణంగా మొదటి రెండింటినీ చూపిస్తారు, ఎందుకంటే అవి కేంద్ర బ్యాంకు లక్ష్యానికి దగ్గరగా ఉంటాయి. ఉండక ఏం చేస్తాయి? బాండ్ల వ్యాపారికీ, నిపుణుడికీ కేంద్ర బ్యాంకు ప్రతి మాటా చదవడమే వృత్తి. వాళ్లు లక్ష్యాన్ని తిరిగి అప్పజెబితే, కేంద్ర బ్యాంకు అద్దంలో తన ముఖం తాను చూసుకున్నట్లే తప్ప సమాజం నాడి దొరికినట్లు కాదు. సిద్ధాంతం ప్రకారం ధరలనూ వేతనాలనూ నిర్ణయించేది వాళ్లు కాదు. సరుకు ధర నిర్ణయించే కంపెనీలు, జీతం అడిగే ఉద్యోగులు ఆ పని చేస్తారు.

కంపెనీల సంగతి చూద్దాం. ఆర్థికవేత్తలు ఒలివియర్ కోయిబియన్, యూరీ గోరోద్నిచెంకో తమ సహచరులతో కలిసి న్యూజిలాండ్ కంపెనీల అధిపతులను సర్వే చేశారు. అప్పటికి పాతికేళ్లుగా ద్రవ్యోల్బణ లక్ష్యం అమల్లో ఉన్న దేశమది. అయినా ఆ అధిపతుల అంచనాలు లక్ష్యానికి చాలా పైన ఉన్నాయి, ఒకరి అంచనాకు మరొకరి అంచనాకు పొంతన లేదు. లక్ష్యం ఎంతో చాలామందికి తెలియనే తెలియదు. ఈ విధానానికి పుట్టినిల్లయిన దేశంలోనే పరిస్థితి అలా ఉంటే, ‘లక్ష్యం ప్రకటించాం కనుక అంచనాలు కుదురుకున్నాయి’ అని ఏ దేశమైనా ఎంత ధైర్యంగా చెప్పగలదు?

కుటుంబాల విషయానికి వస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది. సామాన్యుల జవాబులు దాదాపు ఎప్పుడూ అసలు ద్రవ్యోల్బణం కంటే ఎక్కువగా ఉంటాయి. 5, 10 వంటి రౌండు అంకెలు చెబుతారు. ‘ధరలు’ అని అడిగితే ఒక జవాబు, ‘ద్రవ్యోల్బణం’ అని అడిగితే మరో జవాబు వస్తుంది. మగవాళ్ల కంటే ఆడవాళ్లు ఎక్కువ అంకె చెబుతారు. వీటన్నిటికీ పరిశోధన భాషలో ‘పక్షపాతం’ అని పేరు పెట్టారు, అంటే సరిదిద్దాల్సిన లోపమని అర్థం. కానీ ఆ పరిశోధనలనే శ్రద్ధగా చదివితే వేరే చిత్రం కనిపిస్తుంది. ఫ్రాంచెస్కో డాకుంటో, ఉల్రికే మాల్మెండియర్, మైకేల్ వెబర్ 2021లో అమెరికా కుటుంబాలను పరిశీలించి, ఇంటి సరుకులు కొనే పనిలో మగవాళ్లూ పాలుపంచుకునే ఇళ్లలో ఆడవాళ్ల, మగవాళ్ల జవాబుల మధ్య ఆ తేడా మాయమవుతుందని చూపారు. తేడా ఆడవాళ్ల తెలివిలో లేదు, పని విభజనలో ఉంది. తరచుగా కొనే వస్తువుల ధరలు కళ్లెదుట మారుతుంటే వాటినే ప్రమాణంగా తీసుకోవడం లోపమెలా అవుతుంది? ఏళ్లకొకసారి కొనే యంత్రం చవకైందని సగటు అంకె తగ్గినా, వారానికోసారి కొనేవాటి ధర పెరిగితే ఆ మనిషి రోజువారీ జీవితం ఖరీదైనట్లే.

మాల్మెండియర్, స్టెఫాన్ నాగెల్ 2016లో ప్రచురించిన మరో పరిశోధన ఇంకా ఆసక్తికరమైనది. మనిషి తన జీవితకాలంలో చూసిన ద్రవ్యోల్బణమే అతని అంచనాను ఎక్కువగా మలుస్తుందని, అందుకే ఒకే సమాచారం అందినా వేర్వేరు తరాలవాళ్లు వేర్వేరుగా ఊహిస్తారని వాళ్లు నిరూపించారు. తర్వాత అదే పద్ధతిని వడ్డీ రేటు నిర్ణయించే ఫెడరల్ రిజర్వ్ విధాన కమిటీ సభ్యులకు వర్తింపజేస్తే, వాళ్ల అంచనాల్లో, వాళ్ల ఓట్లలో కూడా సొంత జీవితానుభవం జాడ కనిపించింది. సామాన్యుడి విషయంలో పక్షపాతమైనది కమిటీ సభ్యుడి విషయంలో అనుభవజ్ఞానం ఎలా అవుతుందో నాకు అర్థం కాదు.

ఇక అసలైన మెట్టుకు వస్తాను. కుటుంబాల అంచనా పెరిగితే ప్రమాదమని ఎందుకంటున్నారు? ధరలు పెరుగుతాయనుకున్న ఉద్యోగి ఎక్కువ జీతం అడుగుతాడు, యజమాని ఇస్తాడు, ఆ భారాన్ని సరుకు ధర మీద వేస్తాడు, ధరలు మళ్లీ పెరుగుతాయి. ఈ గొలుసులో మొదటి లంకె ఎంత గట్టిదో చూడటానికి ఫెడరల్ రిజర్వ్‌లో భాగమైన క్లీవ్‌ల్యాండ్ బ్యాంకు పరిశోధకులు 2022లో పెద్ద ఎత్తున సర్వే చేశారు. ద్రవ్యోల్బణం ఒక శాతం ఎక్కువ ఉంటుందనుకున్న మనిషి తన ఆదాయం అదనంగా సుమారు 0.2 శాతమే పెరుగుతుందనుకుంటున్నట్లు తేలింది. అంటే పెరిగే ధరల్లో అయిదో వంతు మాత్రమే జీతం రూపంలో తిరిగి వస్తుందని, మిగతాది తానే భరించాలని ఆ మనిషి ముందే తలవంచి ఉన్నాడు. ఆర్థికవేత్త స్టెఫానీ స్టాంచేవా 2024లో ప్రచురించిన అధ్యయనం కూడా ఇదే చెబుతుంది. జీతాలు ధరలను అందుకోలేవన్న నమ్మకమే ద్రవ్యోల్బణం మీద జనానికున్న ఏవగింపుకు ప్రధాన కారణమని ఆమె తేల్చారు.

ఈ రెండు పరిశోధనలూ చదివిన తర్వాత ఆ 3.3 శాతం అంకె నాకు వేరేలా కనిపించింది. ఫోన్‌లో ఆ జవాబు చెప్పిన మనిషి రేపు యజమాని గదిలోకి వెళ్లి బేరమాడబోతున్నాడని ఆ అంకెలో ఎక్కడా లేదు. ‘నా బతుకు ఇంకా ఇరుకున పడబోతోంది’ అని చెప్పడానికి అతనికి దొరికిన అంకె అది కావచ్చు. ఆ ఆవేదనను ముప్పుగా చదివి, అతని ఉద్యోగానికే ఎసరు పెట్టగల విధానానికి సాక్ష్యంగా వాడుకోవడం నాకు అన్యాయంగా తోస్తుంది.

ఫెడరల్ రిజర్వ్‌లోనే పనిచేసే జెరెమీ రడ్ 2021 సెప్టెంబరులో ఒక పత్రం ప్రచురించారు. అంచనాలే ద్రవ్యోల్బణాన్ని నడిపిస్తాయన్న నమ్మకానికి సిద్ధాంతపరంగా గానీ, గణాంకాల పరంగా గానీ గట్టి పునాది లేదని అందులో ఆయన వాదించారు. ఆయన ప్రతి మాటతోనూ నేను ఏకీభవించను. 1982లో ఆర్థికవేత్త థామస్ సార్జెంట్ విశ్లేషించిన జర్మనీ, ఆస్ట్రియా, హంగరీ, పోలండ్ అనుభవాలు నా ముందున్నాయి. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ఆ దేశాల్లో అదుపు తప్పిన ధరలు, ప్రభుత్వ ఖర్చూ కరెన్సీ ముద్రణా మారతాయని జనం నమ్మిన వెంటనే ఆగిపోయాయి. అంచనాలకు శక్తి ఉందనడానికి అంతకంటే రుజువు అక్కర్లేదు. అయితే గంటగంటకూ ధర మారే చోట ప్రతి ఒక్కరూ ధరల గురించే ఆలోచిస్తారు. రెండు శాతం ద్రవ్యోల్బణమున్న చోట దాని గురించి ఆలోచించడానికి ఎవరికీ తీరిక ఉండదు, ఉండాల్సిన అవసరమూ లేదు. 1970ల అమెరికాలో బలమైన కార్మిక సంఘాలు, ధరలతో పాటు వేతనాలు వాటంతటవే పెరిగే ఒప్పందాలు ఉండేవి, కాబట్టి అప్పుడు ఆ గొలుసులో లంకెలు గట్టిగానే ఉండి ఉంటాయి. ఆ ఒప్పందాలు చాలా మేరకు పోయిన తర్వాత కూడా అదే గొలుసు అదే బలంతో ఉందనుకోవడానికి ఆధారం చూపించాల్సిన బాధ్యత వడ్డీ రేటు పెంచేవాళ్లది. 2023లో ఫెడరల్ రిజర్వ్ మాజీ చైర్మన్ బెన్ బెర్నాంకీ, ఆర్థికవేత్త ఒలివియర్ బ్లాంషార్ జరిపిన విశ్లేషణ కూడా అమెరికాలో కోవిడ్ అనంతర ద్రవ్యోల్బణానికి తొలి కారణంగా ఇంధనం, ఆహారం ధరలనూ, సరఫరాలో కొరతలనూ చూపిందే తప్ప, అదుపు తప్పిన అంచనాలను కాదు.

జనంతో మాట్లాడటం గురించి కూడా ఒక మాట. కోయిబియన్, గోరోద్నిచెంకో, వెబర్ వేలాది అమెరికన్లతో చేసిన ఒక ప్రయోగం ఫలితాలను 2022లో ప్రచురించారు. ద్రవ్యోల్బణం ఎంతో, లక్ష్యం ఎంతో ఒక్క వాక్యంలో చెబితే, విధాన కమిటీ ప్రకటన మొత్తం చదివించినంత ప్రభావమూ వచ్చింది. అదే నిర్ణయం గురించి పత్రికా వార్త చదివించినప్పుడు ప్రభావం సగమే ఉంది. పేజీల కొద్దీ ఆచితూచి రాసిన ప్రకటన ఒక్క తేట వాక్యానికి మించి ఏమీ సాధించలేదన్నమాట. మరో పరిశోధనలో, వడ్డీ రేటు పెంచితే ధరలు కూడా పెరుగుతాయని చాలా కుటుంబాలు అనుకుంటున్నట్లు తేలింది. అప్పు ఖరీదైతే ఖర్చు పెరుగుతుంది, ఖర్చు పెరిగితే ధర పెరుగుతుంది అన్నది వాళ్ల తర్కం. పాఠ్యపుస్తకం దానికి తలకిందులుగా చెబుతుంది, కానీ వాళ్ల తర్కంలో వెర్రితనమేమీ లేదు. అలా ఆలోచించే మనిషి, ‘మీ అంచనాలను తగ్గించడానికే రేటు పెంచాం’ అన్న ప్రకటన విని తన అంచనాను తగ్గించుకుంటాడా, పెంచుకుంటాడా?

అందుకని నేను అడిగేది పెద్ద విప్లవమేమీ కాదు. ధరలు ఎంత పెరుగుతాయనుకుంటున్నారని ప్రతి నెలా అడిగే సర్వేలన్నీ దాని పక్కనే మరో రెండు ప్రశ్నలు కూడా క్రమం తప్పకుండా అడగాలి: అందుకోసం మీరు జీతం పెంచమని అడిగారా, అడిగితే ఎంత పెరిగింది? కంపెనీలను కూడా, ఆ అంచనా వల్ల ఈ మూడు నెలల్లో ఏ ధర మార్చారని అడగాలి. అంచనాల పేరు చెప్పి వడ్డీ రేటు పెంచిన రోజున, ఆ అంచనాలు బాండ్ల వ్యాపారులవా, నిపుణులవా, కంపెనీలవా, కుటుంబాలవా అన్నది ప్రకటనలోనే రాయాలి. కుటుంబాలవే అయితే ఆ రెండు ప్రశ్నలకు వచ్చిన జవాబులను కూడా పక్కనే ప్రచురించాలి. ధరలు పెరుగుతాయన్న భయాన్ని కొలిచి, జీతం పెరగలేదన్న వాస్తవాన్ని దాని పక్కన పెట్టకుండా తీసుకునే నిర్ణయాన్ని సామాన్యుల అంచనాల ఆధారంగా తీసుకున్నదని నేను ఒప్పుకోలేను.