హాల్లో వేలాడుతున్న ప్లకార్డుకు

ఏం ప్లకార్డూ, కులాసానా? ఫ్రేము, అద్దం, టీవీ పైన సీటు, వచ్చిన చుట్టాలంతా "అబ్బో, మీరు ఉద్యమాల్లో కూడా తిరిగారా" అనడం, నువ్వు మురిసిపోవడం! కాస్త దిగిరా తల్లీ. నీ వెనకేముందో నాకు తెలీదా? ఫ్రిజ్ డబ్బా. గ్లాసు బొమ్మ, "ఈ వైపు పైకి" అని బాణం గుర్తు ఇంకా అలాగే ఉన్నాయి. ముందు వైపు ఎర్ర మార్కర్‌తో "ధర్నా చౌక్ మా" అని బారుగా రాసుకుంటూ పోతే, "హక్కు" దగ్గరికొచ్చేసరికి చోటు చాలక చీమతలకాయలంత అక్షరాలు.

2017లో తెలంగాణ సర్కారువారు హైదరాబాద్ ఇందిరా పార్కు దగ్గరున్న ఈ ధర్నా చౌక్‌లో ధర్నాలు చాలు, ఊరవతలకి పొండి అన్నారు. సచివాలయానికి వినపడని చోట అరిస్తే దాన్ని ధర్నా అంటారా, వనభోజనాలంటారా? మే 15న అదే అడుగుదామని నిన్ను పట్టుకొస్తే ఎదురుగా "మాకు ధర్నా చౌక్ వద్దు" అని ప్లకార్డులు పట్టుకున్న స్థానికులు! వాళ్లలో మామూలు బట్టల్లో వచ్చిన పోలీసులు కూడా ఉన్నారని ఫొటోలతో సహా వార్తలొచ్చాయి. ప్లకార్డులు వద్దనడానికీ ప్లకార్డే కావాల్సొచ్చింది, నీ జాతికి ఇంతకన్నా మర్యాద ఎక్కడ జరుగుతుంది చెప్పు. రాజ్యాంగం 19(1)(బి)లో శాంతిగా, ఆయుధాలు లేకుండా గుమిగూడొచ్చు అని ఉంది కదా, బందోబస్తులో ఉన్నాయన నీ కర్రని ఆయుధాల ఖాతాలో వేసి లాగేసుకున్నాడు.

1963లో అమెరికాలో నల్లజాతివాళ్ల హక్కుల కోసం జరిగిన వాషింగ్టన్ మార్చ్ ప్లకార్డులతో మాత్రం పోల్చుకోకు. అవి మ్యూజియంకి ఎక్కాయి నిజమే, కానీ ఆ మరుసటేడే పౌరహక్కుల చట్టం వచ్చింది. బ్యాడ్జీలైతే ఒక్కోటి 25 సెంట్లకి అమ్మి మార్చ్ ఖర్చులకి వాడారు. నువ్వు ఫ్రేముకి నా డబ్బే ఖర్చు పెట్టించావు. నీకు దక్కిందల్లా 2018లో హైకోర్టు చెప్తే గానీ తెరుచుకోని ధర్నా చౌక్.

అసలు తమాషా 2021 నవంబరు 18న. ఊరవతలకి పొమ్మన్న సర్కారుకి పెద్దదిక్కైన ముఖ్యమంత్రి కేసీఆర్ గారే కేంద్రం వడ్లు కొనాలంటూ మంత్రులందరినీ వెంటేసుకుని అదే ధర్నా చౌక్‌లో కూర్చున్నారు. ఆరోజు టీవీ కింద, నువ్వు పైన, ఇద్దర్నీ మార్చి మార్చి చూశాను. ఎదుటివాళ్లు కూర్చుంటే ట్రాఫిక్ జామ్, తాము కూర్చుంటే ప్రజాస్వామ్యం, ఏ పార్టీకైనా ఇదే లెక్క.

అందుకే అద్దం పగలగొట్టి నిన్ను అద్దెకిద్దామనుకుంటున్నా. ఈసారి ప్రతిపక్షంలోకి ఎవరొస్తే వాళ్లకి, అడ్వాన్సు తీసుకుని. కర్ర మాత్రం వాళ్లే తెచ్చుకోవాలి.

ఇట్లు,
నీ ఓనర్