అద్దానికి ముసలితనం రాదు

మన మోటారు బీమా నిబంధనలు రాసిన పెద్దలు వృద్ధాప్యం గురించి చాలా లోతుగా ఆలోచించారు. కారుకు పదేళ్లు దాటితే, రిపేరుకు ఇచ్చే డబ్బులో ఇనుప భాగాలకు పాతబడ్డాయని సగం తరుగు తీసేస్తారు. రబ్బరు, ప్లాస్టిక్ అయితే పుట్టిన రోజు నుంచే సగం. అద్దానికి మాత్రం తరుగు సున్నా. మా పెదనాన్న 1974 నాటి అంబాసిడర్‌లోనైనా సరే, దానిది నిత్యయౌవనం. ఇంత ఉదారత ఉండగా, చీమకుర్తి రోడ్డులో గ్రానైట్ టిప్పర్ మీంచి రాయి ఎగిరొచ్చి ముందద్దం పగిలిందని ఒంగోలు పెద్దమనుషులు గోల పెట్టడం ఏం బాగుంటుంది?

కాకపోతే ఆ అద్దాన్ని పట్టి ఉంచే రబ్బరు బీడింగుకు సగమే వస్తుంది. మొదటి వెయ్యి రూపాయలు మనమే భరించాలి. ఇంజన్ 1500 సీసీ దాటితే అది రెండు వేలు. అంబాసిడర్‌ది 1489. గీతకు పదకొండు సీసీల ఇవతలే ఆగి మనకు వెయ్యి మిగిల్చిన ఆ ఇంజనీర్లకు ట్రంకు రోడ్డులో విగ్రహం పెట్టినా తప్పులేదు.

ఇదంతా మన కారు నష్టాన్ని కూడా భరించే ప్యాకేజీ పాలసీ ఉన్న అదృష్టవంతుల సంగతి. పాత కారు అనగానే ఏజెంటు, "థర్డ్ పార్టీ చాల్లెండి సార్" అంటాడు. అది శుద్ధ పరోపకారం. మన అద్దం పగిలితే పైసా రాదు. మనం వెళ్లి ఎదుటివాడి అద్దం పగలగొడితే మాత్రం ఏడున్నర లక్షల దాకా కంపెనీ చూసుకుంటుంది. పాత కార్లున్న ఇద్దరు ఒకరి అద్దం ఒకరు పగలగొట్టుకుంటే గిట్టుబాటవుతుంది కదా అని కర్నూలు రోడ్డులో ఒకాయన అడిగాడు. దాన్ని మోసం అంటారని చెబితే చాలా నొచ్చుకున్నాడు.

టిప్పర్‌కూ థర్డ్ పార్టీ ఉంటుంది కదా, దాని మీద క్లెయిమ్ వెయ్యండి అంటారు తెలిసినవాళ్లు. నిజమే. గ్రానైట్ దుమ్ములో దాని నంబరు చదవగలిగిన కళ్లుంటే రాయిని కూడా ముందే చూసి తప్పుకునేవాళ్లం.

బీమాకు రాసే కారు విలువ మరో ముచ్చట. అయిదేళ్లు దాటిన బండికి కంపెనీ, యజమాని మాట్లాడుకుని విలువ ఒప్పుకోవాలి. మా పెదనాన్న లక్షల్లో మొదలుపెడతాడు, అవతలివాళ్లు పాత ఇనుము ధర దగ్గర. ఆ ఒప్పందం ఇంకా కుదరాల్సి ఉంది.

చివరి దారి పాతకాలపు బండ్ల కోసం వచ్చిన 2021 నాటి వింటేజ్ నిబంధనలు. యాభై ఏళ్లు దాటిన కారును ఇరవై వేలు కట్టి కొత్తగా రిజిస్టర్ చేయిస్తే నంబరులో 'వీఏ' అక్షరాలొస్తాయి. ప్రదర్శనలకు, ర్యాలీలకు తప్ప రోజువారీగా రోడ్డెక్కకూడదు. అంటే టిప్పర్ బాధ తీరినట్టే. పెదనాన్న కారును షెడ్డులో పెట్టేశాడు. పక్క ఖాళీ స్థలంలో పిల్లలు రోజూ క్రికెట్ ఆడుతున్నారు. వాళ్లకు థర్డ్ పార్టీ ఉందేమో కనుక్కోమని నన్ను పంపాడు.